దిగుడు పరుగు

12 జనవరి 2025, బరంపురం

లిటరేచర్ రివ్యూ ముగిసింది. కొండ పరుగు మీద పరిశోధనలు ఏటికేడు పెరుగుతున్నాయి. ఒకప్పుడు ఎక్కడం గురించి, గుండె గురించి రాసేవారు. ఇప్పుడు అందరి చూపూ దిగుడు మీదే. దిగేటప్పుడు తొడ కండరం ఎంత చితుకుతుందో కొలుస్తున్నారు. నేను చదివిన పేపర్లలో ఆడవాళ్ళు చాలా తక్కువ. ఆ గ్యాప్ నన్నే పూడ్చమన్నారు పీహెచ్‌డీ గైడ్ గారు.

2 ఫిబ్రవరి

నా స్టడీకి అమ్మాయి దొరికింది. రింకి, పొడంపేట. ఇరవై రెండేళ్ళు. తల్లి వరహాలమ్మ చేపలమ్ముతుంది. రింకి పరుగు పోటీల్లో రెండుసార్లు గెలిచింది, పోలీసు సెలక్షన్‌కి తయారవుతోంది. పేపర్లో పేరుండదు, నంబరే ఉంటుందని చెప్పాను. “మరి నాను పరిగెట్టినట్టు ఎవులికి తెలుస్తాదక్కా?” అంది.

9 మార్చి

కెరండిమాల్ కొండ. ఐదుసార్లు దిగాలి. ఎండ ముదిరింది. నాలుగోసారి దిగాక నొప్పి పదికి ఎంతని అడిగాను. ఎనిమిదంది. ఎనిమిదంటే ఆపేస్తానని ముందే ఆమెకు చెప్పి ఉన్నాను. ప్రోటోకాల్ అది. ఆపితే ఆమె డేటా పనికిరాదు. నాకు మరో అమ్మాయి లేదు.

ఏడు రాశాను. ఇంకొక్కటే కదా అన్నాను. లేచి పైకి నడిచింది.

10 మార్చి, ఉదయం 6

వరహాలమ్మ ఫోన్. రింకి కాళ్ళు కదపలేకపోతోందట. మూత్రం బెల్లం పానకం రంగులో వస్తోందట. చితికిన కండరం కిడ్నీలను దెబ్బతీస్తోందనడానికి గుర్తు అది. దాని గురించి ఎన్ని పేపర్లు చదివానో. వెంటనే బరంపురం ఆస్పత్రికి తీసుకురమ్మన్నాను.

13 మార్చి

డయాలసిస్.

27 మార్చి

ప్రోటోకాల్ తప్పలేదు కదా అని గైడ్ గారు అడిగారు. లేదన్నాను. తేలికపడ్డారు. ఇలాంటి కేసు రిపోర్టులకు ఇప్పుడు జర్నళ్ళలో గిరాకీ ఉంది, రాయమన్నారు.

15 జూన్

మూడు నెలలు దాటాయి. కిడ్నీలు ఇక కోలుకోవన్నారు. వారానికి రెండుసార్లు బస్సెక్కి రావాలి, బతికినంత కాలం.

నిజం చెప్పేద్దామనే డయాలసిస్ వార్డుకు వెళ్ళాను. నోరు తెరిచేలోపే వరహాలమ్మ నా చేయి పట్టుకుంది. “నువ్వు బేగి తెమ్మన్నావు గనకే నా పిల్ల బతికినాది తల్లీ” అంది. మంచం మీంచి రింకి నా వైపే చూస్తోంది. ఆమెకు తెలుసు. తల్లికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. కాసేపటికి గోడ వైపు తిరిగింది.

నేనూ చెప్పలేదు.

6 జులై

వరహాలమ్మ నా గదికి చేపలు తెచ్చింది. వద్దన్నా వినలేదు. కూర్చుని పొలుసు తీసి, కడిగి, ముక్కలు కోసి ఇచ్చి వెళ్ళింది.

వండాను. తిన్నాను.