ముగింపు నమ్మేలా లేదు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం, మీ బావ ఎడమ మోకాలు తప్ప. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఆయనే అన్నారు. నువ్వూ మరదలూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పద్దెనిమిది రోజులైంది. వచ్చిన రోజే జవాబు రాసే అక్కకు ఈసారి ఏమైందా అని నువ్వు అనుకునే ఉంటావు. పని తెమలలేదని రాద్దామనుకున్నాను. రాశాను కూడా, రెండుసార్లు. రెండూ చింపేశాను. ఈ ఆదివారం మీ బావ నా ముందు కాగితాలు పెట్టి, "రాస్తే నిజం రాయి, లేకపోతే వంటింట్లోకొచ్చి ఉల్లిపాయలన్నా తరుగు" అన్నారు. ఉద్యోగం మానేశాక ఆయనకు వంట పట్టుకుంది. కూరలో ఉప్పు వేశారో లేదో గుర్తుండక రెండోసారి వేస్తారు. ఏమన్నా అంటే నా నాలుకదే తప్పంటారు.

ముందు నువ్వడిగిన చిన్న చిన్న విషయాలు చెప్తాను. అవును, మా లైబ్రరీలో పిల్లల విభాగాన్ని కింది అంతస్తుకు దించారు. పిల్లలకు మెట్లెక్కే బాధ తప్పింది. పైన పత్రికలు చదువుకునే పెద్దమనుషులకు మాత్రం కింది గోల వినిపిస్తోందట, వారానికో ఫిర్యాదు రాసిస్తున్నారు. కళ్లజోడు మార్చాను. చేతులు మునుపటిలాగే ఉన్నాయి, చిరిగిన పుస్తకాలు ఇప్పటికీ నేనే అతికిస్తున్నాను. మరదలి దగ్గుకు ఆ పాత మందు వద్దు, ఈసారి డాక్టరుకే చూపించండి.

ఇక నీ అసలు ప్రశ్న.

పిల్లల బొమ్మల పుస్తకాలకు ఏటా ఇచ్చే బహుమతికి నాకు చెప్పకుండా ఒక పుస్తకం పంపానన్నావు. బడిలో డ్రాయింగు క్లాసులు అయిపోయాక, నాలుగేళ్లు కూర్చుని గీశానన్నావు. గెలిస్తే అచ్చయ్యాక నా చేతిలో పెట్టాలనుకున్నావట. రెండో స్థానంలో ఆగిపోయింది. మొదటి దానికే బహుమతి, మొదటి దానికే అచ్చు. రెండో దానికి ఎంపిక సంఘం నుంచి ఒక్క వాక్యం వచ్చింది: "బొమ్మలు చాలా బాగున్నాయి, ముగింపు నమ్మేలా లేదు." పుస్తకం నకలు కూడా పంపుతూ, "ముప్ఫై ఏళ్లుగా పిల్లల పుస్తకాల మధ్య ఉన్నదానివి, నువ్వు చెప్పక్కా, ముగింపు మార్చెయ్యనా?" అని అడిగావు.

నువ్వు నకలు పంపాల్సిన పనే లేకపోయిందిరా. నీ "గొడుగుల ఆసుపత్రి" నాకు పేజీ పేజీ తెలుసు. ఆ ఎంపిక సంఘంలో నేనున్నాను. ఆ వాక్యం రాసింది నేనే.

కాసేపు కాగితం పక్కన పెట్టాలనిపిస్తే పెట్టు. తర్వాతైనా మిగతాది చదువు.

పదకొండేళ్లుగా ఆ సంఘంలో ఉన్నాను. ఎవరెవరు ఉన్నారో సంఘంలో ఉన్నంతకాలం బయటికి చెప్పకూడదని నియమం, ఇంట్లోవాళ్లకు కూడా. అందుకే నీకు తెలియదు. మేం ముగ్గురం. రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ మాకు పెద్ద, అందరం పెద్దమేడం అంటాం. ఇంకొకరు బొమ్మలాయన, పుస్తకాలకు అట్టలు గీస్తారు. మూడో మనిషిని నేను. రచయితల పేర్లు విడిగా కవర్లలో ఉంటాయి, మా దగ్గరికి అంకెలే వస్తాయి. ఈసారి నలభై ఒకటి వచ్చాయి. నీది పదిహేడు.

పదిహేడు తెరిచి మొదటి పేజీ చూడగానే చెయ్యి ఆగిపోయింది. మెట్ల కింద ఇరుకు కొట్టు, గోడకు తలకిందులుగా వేలాడే గొడుగులు, నేల మీద కూర్చుని ఊచలు సరిచేసే నాన్న. పోలికేమో అనుకున్నాను. నాలుగో పేజీలో నల్ల గొడుగుకు పసుపు గుడ్డ మాసిక వేసి ఉంది, దాని మీద ఎర్రటి చిన్న పూలు. అది నా గౌను అంచు. నాన్న అడిగితే నేనే కత్తిరించి ఇచ్చాను. ఆ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు.

అప్పుడే లేచి, "ఇది మా తమ్ముడి పుస్తకం, దీన్ని నేను తూచకూడదు" అనాలి. అదొక్కటే చెయ్యాల్సిన పని. చెయ్యలేదు. ముందు గర్వం అడ్డొచ్చింది, ఇంకో పేజీ చూద్దాం, ఇంకోటి చూద్దాం అని. చివరి రెండు పేజీలకు వచ్చేసరికి గర్వం పోయి భయం పట్టుకుంది. కథలో ఆ కొట్టు నడిపే నాన్న జబ్బుపడి పెద్దాసుపత్రికి వెళ్తాడు. ఓ వానరోజు ఆయన బాగుచేసిన గొడుగులన్నీ ఊళ్లోవాళ్ల చేతుల్లోంచి జారి ఎగిరొచ్చి, ఆయన మంచాన్ని కిటికీలోంచి ఎత్తుకుని, ఇంటి దగ్గర కుర్చీ మీద నిలబడి చూస్తున్న పిల్లవాడి ముందు దించుతాయి. ఆ ముగింపు ఎక్కడిదో నాకు తెలుసు. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందే చెప్పే ధైర్యం లేదు.

వడపోత తర్వాత మూడు మిగిలాయి. వాటిని మేం పిల్లలకు చదివి వినిపించి, వాళ్లేమన్నారో ఉన్నది ఉన్నట్టు సంఘానికి చెప్పాలి. శనివారం మధ్యాహ్నం మా లైబ్రరీలో చాప మీద పదిమంది పిల్లలు కూర్చున్నారు. వాళ్లలో పదకొండేళ్ల పిల్ల ఒకతి ఉంది, దేనికైనా "ఎందుకు?" అంటుందని ఎందుకమ్మ అని పిలుస్తాం. నీ పుస్తకం అయిపోగానే మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కొట్టలేదు.

"ఇది అబద్ధం కదా మేడం?" అంది.

"ఏది? గొడుగులు ఎగరడమా?"

"అది కాదు. వాళ్ల నాన్న రాలేదు. వస్తాడని వాడికి ఎవరో చెప్పారు, వాడు నమ్మేశాడు."

పుస్తకం మూసెయ్యబోతుంటే ఆ పిల్ల అట్ట మీద చెయ్యి పెట్టింది.

"ఇంకోసారి చదవండి మేడం."

"అబద్ధమన్నావుగా?"

"అబద్ధమే. అయినా చదవండి."

చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. ఈసారి చివరి పేజీ తనే పట్టుకుని, తిప్పకుండా అలాగే చూస్తూ కూర్చుంది. పిల్లలకు కథలు చదవడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లయింది. ఒక పుస్తకాన్ని అంత గట్టిగా పట్టుకున్న చేతుల్ని నేను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలను.

సంఘం కూర్చున్న రోజు బొమ్మలాయన నీ పుస్తకం వైపు, పెద్దమేడం "మెట్ల మీద నత్త" వైపు. అయిదంతస్తుల భవనంలో నత్త ఒక్కో మెట్టే ఎక్కుతుంది, ఒక్కో గుమ్మం ముందు ఒక్కో కథ. అది కూడా చక్కని పుస్తకమే, నీ మీద ప్రేమతో దాన్ని చిన్నబుచ్చను. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"పదిహేడు విన్నాక ఒక పిల్ల ఇది అబద్ధం అంది" అన్నాను.

బొమ్మలాయనకు నమ్మబుద్ధి కాలేదు. "అంతేనా? ఇంకేమీ అనలేదా?"

"అంతే" అన్నాను.

నా ఓటు నత్తకు వేశాను. కారణం రాయమంటే ఆ వాక్యం రాశాను. తడుముకోకుండా రాశాను. అదే నాకు ఇప్పుడు ఎక్కువ బాధగా ఉంది.

సభ బాగా జరిగింది. నత్త పుస్తకం రాసింది టికెట్ కౌంటర్లో పనిచేసే అమ్మాయి. పేరు పిలిస్తే, వేరే ఎవరినో అనుకుని చప్పట్లు కొడుతూ కూర్చుంది, పక్కావిడ లేపి పంపాల్సి వచ్చింది. ఆ అమ్మాయి సంతోషం చూసి, చేసిందేదో మంచికే చేశాననుకున్నాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "ముప్ఫై ఏళ్లుగా పిల్లల పుస్తకాల మధ్య ఉన్నదానివి" అన్న వాక్యం దగ్గర ఆగిపోయి, ఆ రోజంతా ముందుకు చదవలేకపోయాను.

పోయిన మంగళవారం పెద్దమేడం ఇంటికి వెళ్లాను. ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని కర్టెన్లు కుడుతున్నారు. నేను చెప్పినంతసేపూ మిషను ఆపి విన్నారు, కళ్లజోడు మాత్రం తియ్యలేదు.

"తమ్ముడని చెప్పకపోవడం ఒక తప్పు" అన్నారు. "అది ప్రేమకొద్దీ ఎవరైనా చేస్తారనుకుందాం. కానీ నువ్వు ప్రేమకొద్దీ ఓడించావే! ఇదెక్కడి చోద్యం?"

"ప్రేమ కాదు మేడం, సిగ్గు."

"ఆ పిల్ల మాట సగం మింగేశావు చూడు, నాకు కోపం అక్కడొస్తోంది. తమ్ముడి సంగతి మీరూ మీరూ చూసుకోండి. ఆ పిల్ల నిన్ను నమ్మి చెప్పింది."

మర్నాడే సంఘాన్ని పిలిపించారు. ఎందుకమ్మ అన్న మాటలన్నీ ఈసారి పూర్తిగా చెప్పాను. బొమ్మలాయన నా ముఖం చూడలేదు. నా ఓటు కొట్టేశారు. ఇద్దరివీ చెరొకటి మిగిలితే అధ్యక్షురాలి మాట నెగ్గాలని నియమం. పెద్దమేడం మళ్లీ నీ పుస్తకం చదివి, గంటసేపు ఆలోచించి, నత్త దగ్గరే ఉండిపోయారు. కాబట్టి ఫలితం మారలేదు. నేనేదో నీకు బహుమతి తిరిగి తెచ్చిపెట్టానని రాయగలిగితే ఎంత బాగుండేది! మారింది రెండే. సంఘంలోంచి నన్ను తీసేశారు, అది న్యాయం. నీకు పంపిన వాక్యాన్ని వెనక్కి తీసుకుంటూ, జరిగింది చెప్తూ సంఘం తరఫున ఒక లేఖ వస్తుంది. అది నీకు చేరేలోపు నా చేత్తో నేను చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఇక చివర్లో చెప్తానన్నది.

నాన్న పోయేనాటికి నీకు అయిదేళ్లు, నాకు పన్నెండు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని, "చిన్నోడికి నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. నువ్వు అప్పుడే నిద్ర లేచి, చొక్కా తిరగేసి వేసుకుని వచ్చావు. "నాన్నేడీ?" అన్నావు. "దూరంగా ఉన్నాడు. వానాకాలం రానీ, బాగుచేసిన గొడుగులన్నీ వెళ్లి తీసుకొస్తాయి" అన్నాను. ఆ క్షణానికి అదే తోచింది. నువ్వు కుర్చీ లాక్కుని కిటికీ ఎక్కావు. ఒక వానాకాలమంతా ఎక్కావు. రేపు చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నాను. ఒకటో తరగతిలో ఎవరో నీకు చెప్పేశారు. ఇంటికొచ్చి నన్నొక్క మాట అడగలేదు, కుర్చీ మాత్రం తీసి బల్ల కిందికి తోసేశావు. అప్పటి నుంచి మనిద్దరం ఆ మాట ఎత్తలేదు. నలభై ఏళ్లు దాటిపోయాయి. నువ్వు మర్చిపోయావనుకున్నాను. పదిహేడో నంబరులో నా అబద్ధాన్ని అన్ని రంగులు వేసి, అంత అందంగా చేసి ఉంచావు. నన్ను నిలదీయడానికి గీశావో, క్షమించి గీశావో తెలియలేదు. తెలుసుకునే ధైర్యం లేక ఓడించాను. అబద్ధం చెప్పినప్పుడు నాకు పన్నెండేళ్లు, అది ఒప్పుకుంటావేమో. ఓటు వేసినప్పుడు యాభై నాలుగు.

ఆఖరి రోజు ఆసుపత్రికి నన్ను మాత్రమే తీసుకెళ్లారు. అక్కడేం జరిగిందో నీకెవరూ చెప్పలేదు, ఇప్పుడు నేను చెప్తాను. నాన్న మంచం పక్కన మూలలో నర్సమ్మ గొడుగు ఉంది, ఒక ఊచ విరిగి. నాన్న కళ్లు దాని మీదే ఉన్నాయి. "అది ఇటు తే" అన్నాడు. చేతికిస్తే పట్టుకునే శక్తి లేదు. "నువ్వు చెయ్యి, నేను చెప్తా" అన్నాడు. నా తలలోని పిన్ను తీయించి, ఎక్కడ దూర్చాలో, ఎటు వంచాలో ఒక్కో మాటే చెప్పాడు. తెరిస్తే ఒక పక్కకు వాలిపోయింది. నాన్న నవ్వాడు. "పర్లేదులే, సగం తల తడవదు" అన్నాడు. నర్సమ్మ డ్యూటీ దిగి, ఆ వంకర గొడుగే వేసుకుని వానలోకి వెళ్లింది. నేను కిటికీలోంచి చూసి, "వేసుకుందీ!" అని చెప్తే, "నిలబడిందా?" అని అడిగాడు. "నిలబడింది నాన్నా" అన్నాను. నాన్నతో నేనన్న ఆఖరి మాట అదే. అది అబద్ధం కాదు, నిజంగానే నిలబడింది.

ముగింపు మార్చమంటానా అని అడిగావు. ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు. నేను చెప్పిన కథ ఇన్నాళ్లూ నీ దగ్గరుంది, జరిగిన కథ ఇప్పుడు నీకిచ్చాను. గీసేవాడివి నువ్వు.

ఇట్లు,
నీకు చెప్పాల్సింది ఇంత ఆలస్యంగా చెప్పిన
అక్క