వైకుంఠం గారి చలివేంద్రం

లాల్‌దర్వాజా,
ఏప్రిల్ 4, 1974

పాఠశాల కార్యదర్శి వైకుంఠం గారికి ఆటల టీచరు కమల నమస్కరించి రాసేది:

నిన్న మధ్యాహ్నం ఖోఖో ప్రాక్టీసులో కాశమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. నీడకు మోసుకెళ్లి తల తడిపితే లేచింది. లేస్తూనే, "నన్ను టీములకెళ్లి తీసేస్తరా టీచర్?" అంది. ప్రాక్టీసు పొద్దున ఆరింటికి మార్చండి. మైదానంలో కుండలు పెట్టించండి. ఇంకో పిల్ల పడేదాకా ఆగే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
కమల

తా.క.: దయచేసి మీ దుకాణంలో ఫ్యాను ఆపి ఇది చదవండి.

~

పత్తర్‌గట్టి,
ఏప్రిల్ 6

టీచరమ్మకు వైకుంఠం దీవెనలు.

మీ ఉత్తరం ఆయా బుచ్చమ్మ తెచ్చిచ్చింది. పొద్దుగాల ఆడపిల్లలకు ఇంట్ల పనులుంటయి, టైము మారదు. ఉరికేటప్పుడు నీళ్లు తాగితే కడుపుల పట్టేస్తదని మా బాపు చెప్పేటోడు. కానీ కుండలంటే యాదికొచ్చింది. స్వర్గస్థుడైన మా బాపు పేరు మీద మైదానంల చలివేంద్రం పెట్టిస్తున్న. బాటసారులు తాగుతరు, పుణ్యం.

శుభం.
వైకుంఠం

తా.క.: ఫ్యాను ఆపే చదివిన. ఇకనుంచి జర చిన్న ఉత్తరాలు రాయుండ్రి.

~

లాల్‌దర్వాజా,
ఏప్రిల్ 10

అయ్యా, నమస్కారం.

పందిరి, కుండలు, వాటిపైన మీ బాపు గారి ఫోటో, అన్నీ వచ్చాయి. చుట్టూ రిబ్బను కట్టారు. ప్రారంభోత్సవం కానిదే ఎవరూ ముట్టకూడదట. బుచ్చమ్మ చీపురు పట్టుకుని కాపలా. పిల్లలు కుండలకు దండం పెట్టుకుని ఎండలో పరుగెత్తుతున్నారు. కాశమ్మ నిన్న మళ్లీ తూలింది. నాకు పుణ్యం వద్దు, పిల్లలు కావాలి.

కమల

తా.క.: దీవెనలు అందాయి. తాగడానికి పనికిరాలేదు.

~

పత్తర్‌గట్టి,
ఏప్రిల్ 12

టీచరమ్మకు దీవెనలు.

మీ కోపం సమజైంది. ఆహ్వాన పత్రికల మీ పేరు లేదు, అంతే కద? వందన సమర్పణ మీకే ఇచ్చిన. ఆదివారం పన్నెండింటికి ముహూర్తం. పొద్దుగాల పెడితే ఎవరికి దాహమైతది? పిల్లలను వరుసగ నిలబెట్టి ప్రార్థన పాడించుండ్రి.

వైకుంఠం

తా.క.: బాపు షేర్వాణీ పెట్టెలకెళ్లి తీసిన. ఉన్నిది. మస్తుగుంది.

~

లాల్‌దర్వాజా,
ఏప్రిల్ 15

అయ్యా,

ఆదివారం ఏమైందో మీకేమీ గుర్తులేదని మనిషిని పంపారు కాబట్టి రాస్తున్నాను. పిల్లలను నేను పందిరి నీడలో నిలబెట్టాను. మీరు ఎండలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. "మా బాపు" అన్నారు, మళ్లీ "మా బాపు" అన్నారు, ఆపైన కూలబడ్డారు. అందరికంటే ముందు ఉరికింది కాశమ్మ. మిమ్మల్ని నీడలోకి లాగి, షేర్వాణీ గుండీలు విప్పి, రిబ్బను తెంపి కుండెడు నీళ్లు మీ మీద గుమ్మరించింది. తెలివొచ్చాక చెంబుతో తాగించింది. అందుచేత చలివేంద్రం ప్రారంభించింది కాశమ్మే.

వందన సమర్పణ మిగిలిపోయింది. అది మీరే చేయాలి.

కమల

తా.క.: కళ్లు తెరిచి మీరన్న మొదటి మాట, "ఫోటో తీసిన్రా?"

~

పత్తర్‌గట్టి,
ఏప్రిల్ 18

టీచరమ్మకు నమస్కారం.

ప్రాక్టీసు రేపటి సంది పొద్దుగాల ఆరింటికి. ఇండ్లల్ల పెద్దోళ్లతోని నేనే మాట్లాడిన. కుండలు ముందు పిల్లలకు, తర్వాతనే బాటసారులకు. కాశమ్మ టీముల ఉంటది, ఫికర్ చేయొద్దని చెప్పుండ్రి. నాకు షుగరుందట, రోజు పొద్దుగాల నడవాలని డాక్టరు పట్టుబట్టిండు. మీ పిల్లల వెనక నేను గూడ మైదానంల తిరుగుత.

వైకుంఠం

తా.క.: మా బాపు ఫోటో జర గోడ దిక్కు తిప్పి పెట్టించుండ్రి. ఆయన చూస్తుంటే నడక నడుమల నీళ్లు తాగలేను.