బ్లేడుతో గీకేసిన కాయ

బుధవారం రాత్రి, పెడన

నా చెయ్యి సంగతి తెలిశాక నిద్ర పట్టట్లేదు.

బట్ట మీద అచ్చు పడటానికి కలంకారీ చెక్క బ్లాకు మీద గుద్దీ గుద్దీ కుడి అరచేతి అంచున కాయ కాసింది. మొరటుగా ఉందని నిన్న బ్లేడుతో గీకేశాను. ఇవాళ నాలుగు దెబ్బలకే రక్తం కారి బట్ట పాడైంది. ఇక పని పోయినట్టే అనుకున్నాను.

మేస్త్రి మావయ్య తిట్టి, నర్సు మేరీ అక్క దగ్గరికి పంపాడు.

"అది మురికనుకున్నావా? చచ్చిన కణాలు పొరలుపొరలుగా పేరుకుని లోపలిదాన్ని కాపాడతాయిరా. అడుగు పొర బాగానే ఉందిలే, కొత్తవి అక్కడే పుడతాయి" అంది.

సిగ్గు మర్చిపోయి, ఒళ్ళంతా ఇంతేనా అని అడిగాను.

"పేగుల్లో ఒక్క పొరే, తిన్నది పీల్చుకోవాలిగా. ఊపిరి గొట్టంలో పొరకి నూగుంటది, దుమ్ముని పైకి నెట్టేస్తది."

నాలోపల ఇంత పని జరుగుతోందా!

తిరిగొచ్చి మావయ్యతో, "నేను అచ్చులేసే బల్ల ఎవరికీ ఇవ్వకండి" అన్నాను. ఆయనతో ఎప్పుడూ అంత మాట అనలేదు.

"మళ్ళీ కాయ కాసేదాకా చిన్న బ్లాకులే. ఈసారి గీకావంటే చెవి కోస్తా" అన్నాడు.

కుడి చెయ్యి మానేదాకా ఆగలేను, రేపు ఎడమ చేత్తో కొట్టి చూస్తాను. దానికింకా కాయ లేదు...