ఇక్కడ ఆగు బావా

శ్రీమతి గారికి,

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఇక్కడ మేమంతా కులాసా. మేమంతా అంటే నేను, చిన్నది, నువ్వు వద్దన్నా లోపలికి దూరి నీ కుర్చీలోనే పడుకుంటున్న పిల్లి. అక్కడ నువ్వూ, నీ దగ్గర నర్సు పని నేర్చుకుంటున్న పిల్లలూ బాగున్నారని తలుస్తాను. కులాసా లేనిదల్లా పడవకీ, నా కడుపుకీ. పది రోజులుగా కంచం ముందు కూర్చుంటే చాలు, వెగటు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చిన్నదాని దగ్గు తగ్గింది. నాలుగు రోజులు మందు తాగనని మొరాయించింది. "అమ్మకి రాస్తానుండు" అనగానే గటగటా తాగేసింది. నీ పేరుకున్న బలం నా గొంతుకి లేదు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. "సగం పనుల మనిషి" అని మళ్ళీ తిడతావని తెలుసు. తిట్టు. ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి ఆ తిట్టు నీకు చాలదు.

పడవ నీళ్ళలోకి ఎప్పుడు దింపుతావని చిన్నది రోజూ నా ప్రాణం తోడేస్తోంది. ఏడేళ్ళ కిందట ఆ పడవలోనే నీళ్ళు మింగి, రెండు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉన్న పిల్లేనా ఇది అనిపిస్తుంది. పడవ పక్కల పొడుగునా బిగించే చెక్క అంచుపట్టీ కొత్తది వేశాకే ఎక్కనిస్తానని నువ్వు పెట్టిన షరతును కాగితం మీద రాసి తలుపుకి అంటించుకుంది.

ఆ పట్టీ కోసమే కదా నేను పడవలు బాగుచేసే యార్డులో పడి దొర్లుతున్నది. ఛీ, అంత రోత చోటు ఇంకోటుండదు. పడవల అడుగున అంటుకుని చచ్చిన ఆలిచిప్పల కంపు ఒకవైపు, పక్క పడవవాడు పారబోసిన నల్లటి ఆయిలు ఒకవైపు. నేను చెప్పులు ఎక్కడ విడిచినా అవి ఆ ఆయిల్లోనే తేలతాయి. చెక్క అమ్మేవాడు "రాయిలాంటి చెక్కండీ" అని ప్రమాణం చేసి ఇచ్చాడు. చిత్రిక పడితే లోపలంతా పచ్చి. వెనక్కి పట్టుకెళ్తే, "మీ ఇంట్లో తేమ ఎక్కువేమో చూసుకోండి" అన్నాడు, సిగ్గులేకుండా. వాడితో అరగంట పోట్లాడి వేరే చెక్క తెచ్చుకున్నాను. జిగురు జుట్టుకంటుకుని పోకపోతే ఒక పక్క కత్తిరించేశాను. నన్ను చూసి చిన్నది నవ్వు ఆపుకోలేక కింద కూర్చుంది.

ఇదంతా చదివి నువ్వు, "సరే, అసలు సంగతికి రావయ్యా" అంటుంటావు. వస్తున్నాను. ఎర్ర సిరాతో గీత గీసి మరీ అడిగావు: "పాత పట్టీ విప్పాక అన్నయ్య పని ఎంత రోతగా ఉందో ఫోటో తీసి పంపు. నాన్న షెడ్డు తనకిమ్మని, మళ్ళీ పడవల పని మొదలుపెడతానని అడుగుతున్నాడు. నెలాఖరులోగా సంతకం పెట్టాలట. నా బిడ్డని ముంచబోయిన చేతులకి నాన్న పనిముట్లు ఇవ్వాలో వద్దో ఆ ఫోటో చూశాక చెప్తాను."

పట్టీ ఇంకా విప్పలేదని పోయిన ఉత్తరంలో రాశాను. అబద్ధం. అప్పటికే విప్పేసి మూడు రోజులైంది.

ఎడమవైపు ముందు విప్పాను. రంగు గీకితే కంచు స్క్రూలు బయటపడ్డాయి. ఇరవై రెండూ ఒకే పొడుగు, తలల మీద గాట్లన్నీ పడవ పొడుగునా ఒకే వరసలో. మీ అన్నయ్య చిన్నప్పుడు ఇంట్లో స్విచ్చి బోర్డు స్క్రూలు కూడా గాట్లు కలిసేలా తిప్పేవాడని, నువ్వూ మీ అమ్మగారూ నవ్వేవాళ్ళు కదా, అలాగే. పట్టీ కింద, పడవ కింది తొట్టీ, దాని మీద కప్పిన పైచెక్కా కలిసే అతుకులో, జిగురు చెక్కుచెదరలేదు. ఒక్క చుక్క దూరడానికి సందు లేదు.

కుడివైపు కూడా ఎనిమిదో స్క్రూ దాకా అంతే. తొమ్మిదో దాని నుంచి చూడాలి నా తల్లీ. తుప్పు పట్టిన ఇనప స్క్రూలు, బొటనవేలి గోరంత పొట్టివి, ఒక్కోటీ ఒక్కో దిక్కు చూస్తోంది. ఎక్కడా జిగురు లేదు. బెజ్జాల్లో లప్పం కుక్కి పైన రంగు పూశారు. చెక్క వేలితో నొక్కితే పిండిలా రాలింది. దాంట్లోంచి వచ్చిన ముక్కిపోయిన వాసన ఇప్పటికీ నా వేళ్ళని వదల్లేదు. నాకు డోకొచ్చింది.

యార్డు కాపలాదారు, మేమంతా టోపీ తాత అంటాం, పక్కనే నిలబడి చూశాడు.

"ఇది ఇద్దరి పని బాబూ," అన్నాడు. "అటుపక్క చేసినోడి చేతులు కళ్ళకద్దుకోవచ్చు. ఇటు చేసినోడు, థూ! మనుషులెక్కే పడవకి అల్మరా స్క్రూలు వేస్తాడా ఎవడన్నా? ఎవడా మహానుభావుడు?"

"ఎవడో, తాతా," అన్నాను.

అవును, అవి అల్మరా స్క్రూలే. మన వంటింటి అల్మరా తలుపులకి వేయగా మిగిలినవి. నీకు గుర్తుందా, డబ్బాలో పడేస్తుంటే, "పనికొస్తాయి ఉంచు" అన్నావు. పనికొచ్చాయి. వేసింది నేను.

ఇప్పుడు కాగితం నలిపి పారేయకు. చివరిదాకా చదువు, నీకు దణ్ణం పెడతాను.

మీ అన్నయ్య ఆ వేసవిలో ఎనిమిది స్క్రూలు బిగించి, వేరే పని పడి రెండు రోజులు ఊరెళ్ళాడు. పొడుగు స్క్రూలు అయిపోయాయి, మళ్ళీ తేవాలన్నాడు. నేను ఊరుకుంటానా? ఆదివారం నీకు సెలవు, ఆ రోజుకి పడవ నీళ్ళలో ఉంటుందని నీ ముందు గొప్పలు కొట్టేశాను. రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే, ఈల వేసుకుంటూ, మిగిలిన పద్నాలుగూ దిగ్గొట్టాను. రంగు వేశాను. "అంతా మీ అన్నయ్యే చేశాడు" అని నీతో చెప్పాను, ఆయన్ని మెచ్చుకుంటున్నట్టు.

మొదటి ఆదివారం ఏమీ కాలేదు. మీ అన్నయ్య తిరిగొచ్చి, "పొడుగువి దొరికాయా బావా?" అని అడిగాడు. "ఆ, నువ్వు చెప్పినవే" అన్నాను. రంగు మీద చెయ్యి వేసి నిమిరాడు. నా మాట మీద నమ్మకంతో విప్పి చూడలేదు. మూడో ఆదివారం గాలి పెరిగి పడవ కుడివైపుకి ఒరిగింది, అతుకు నోరు తెరిచింది.

ఆసుపత్రి వరండాలో నువ్వు మీ అన్నయ్య చొక్కా పట్టుకుని, "నా గడప తొక్కకు" అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. చిన్నదాని తడి చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. "పని నాది, తప్పూ నాదే" అన్నాడాయన. నోరు తెరవడానికి నాకు అంతకంటే మంచి సమయం దొరకదు. తెరవలేదు. ఆ తర్వాత ఆయన పడవ ముట్టుకోలేదు, కుర్చీలూ బల్లలూ చేసుకుని బతుకుతున్నాడు. ప్రతి ఏడూ నువ్వు ఆయన్ని తిడుతుంటే నేను, "పోనీలే, వదిలెయ్" అనేవాణ్ణి. పెద్దమనిషిలా! తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తోంది.

ఇంకొకటుంది. తొమ్మిదో బెజ్జం పక్కన, పట్టీ కప్పేసే చోట, పడవ ఒంటి మీద మీ అన్నయ్య పెన్సిల్‌తో రాశాడు: "ఇక్కడ ఆగు బావా. పొడుగువి తెస్తాను." ఆ రోజు నేనది చదివాను. చదివి, నవ్వి, దాని మీదే పట్టీ బిగించాను. పడవ ఉప్పునీళ్ళు తాగి ఏడేళ్ళు యార్డులో పడున్నా ఒక్క అక్షరం చెరగలేదు. నీ ఉత్తరం అందిన రోజే గరుకు కాగితం చేతిలోకి తీసుకున్నాను. రెండు రుద్దులు రుద్దితే చాలు, రాత పోతుంది. తుప్పు స్క్రూల ఫోటో పంపితే నువ్వు మీ అన్నయ్యనే అనుకుంటావు, షెడ్డు ఇంకెవరికో పోతుంది, నా బతుకు చల్లగా ఉంటుంది. అక్షరం మీద కాగితం ఆనించాను కూడా. అప్పుడొచ్చింది అసలైన డోకు. పక్కకి పరిగెత్తి కక్కుకున్నాను.

నిన్న మీ అన్నయ్య దుకాణానికి వెళ్ళాను. కుర్చీ కాలు నున్నగా చేస్తున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. చేతిలో పని ఆపి, తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే లోపం నా చేతిలో లేదన్నమాట," అన్నాడు.

అంతే. బల్ల మీద కూర్చుండిపోయాడు. "చెల్లాయికి తెలుసా?" అన్నాడు. "రేపు రాస్తున్నా," అన్నాను. "రాయి. ముందు ఇక్కణ్ణుంచి వెళ్ళు," అన్నాడు. పడవ దగ్గరికి వస్తాననలేదు, రాననీ అనలేదు.

పెన్సిల్ రాత ఫోటో, ఒక పొట్టి స్క్రూ కవరులో పెడుతున్నాను. నువ్వడిగిన రోత ఫోటో మీ అన్నయ్యది కాదు, నాది. సంతకం ఆయనకి పెట్టు. నన్నేం చేయాలో తర్వాత తీరిగ్గా ఆలోచించు, ఏం రాసినా పడతాను. చిన్నదానికి నేనే చెప్తాను. దాని ముఖం ఎలా చూడాలో ఇంకా తెలియలేదు.

కొత్త పట్టీ ఎడమవైపు అయిపోయింది. కుడివైపు ఎనిమిది బెజ్జాలదాకా బిగించాను. మిగతాది గాల్లో వేలాడుతోంది, కింద కర్ర ఊతం పెట్టాను. పొడుగు స్క్రూలు కొని డబ్బాలో ఉంచాను, మూత తీయలేదు. "ఇంకెన్నాళ్ళు బాబూ ఇలా వదిలేస్తావు?" అని టోపీ తాత రోజూ అడుగుతున్నాడు.

"ఆగమని రాసుంది తాతా," అంటున్నాను.

ఇట్లు,
మీ అన్నయ్య మాటకి ఏడేళ్ళు ఆలస్యంగా ఆగిన
బావ