రాణి మెడ కొలత

ఎడారి విడిది మేనేజరు గారికి నమస్కారం.

నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఏడాదిలో ఒక్క వారం దుకాణం మూస్తాను. ఈసారి కుటుంబంతో మీ ఎడారికి వద్దామనుకుంటున్నాం. వచ్చేది నేను, మా ఆవిడ, పదేళ్ళ అమ్మాయి, మా అత్తగారు. మామగారు పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి అత్తగారు గది దాటి బయటకు రావడం లేదు. చోటు మారితే మనసు మారుతుందని మా ఆవిడ ఆశ. పిల్లలకూ పెద్దలకూ అక్కడ చూడదగ్గవి ఏమున్నాయో రాయండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
గడియారాల మేస్త్రి

తా.క. మీ కరపత్రంలో సరస్సు బొమ్మ చూసిన దగ్గర్నుంచి మా అమ్మాయి ఈత దుస్తుల్లోనే తిరుగుతోంది.

*

మేస్త్రి గారికి మేనేజరు నమస్కారాలు.

సరస్సు ఉన్నమాట నిజమే. నీళ్ళే లేవు. మా తాతల కాలంలోనే ఎండిపోయి, ఇప్పుడు తెల్లటి ఉప్పు మైదానంగా మిగిలింది. నడుస్తుంటే కాళ్ళ కింద కరకరమంటుంది. అమ్మాయికి పలక మీద కూర్చుని ఇసుక దిబ్బ మీంచి జారే ఆట ఉంది. గాలి వీస్తే మూలిగే దిబ్బ ఇంకొకటుంది. పెద్దావిడ నడవలేరని బెంగ వద్దు, మా రాణి మోస్తుంది. వయసు పైబడింది, కాస్త ముక్కోపి. ఇష్టం లేనివాళ్ళ మీద ఉమ్ముతుంది. కానీ ఇరవయ్యేళ్ళలో ఒక్కరినీ కింద పడెయ్యలేదు.

మీ రాక కోరుతూ,
మేనేజరు

తా.క. ఈత దుస్తుల్లో జారితే మోకాళ్ళు దోక్కుపోతాయి. నిండు లాగు తెండి.

*

మేనేజరు గారికి,

మీ ఉత్తరం అత్తగారి గదిలో చదివి వినిపించాను. సరస్సు సంగతి దగ్గర మా అమ్మాయి ఏడ్చింది. రాణి దగ్గరికి వచ్చేసరికి అత్తగారు గోడవైపున్న మొహం ఇటు తిప్పారు. "ఆ వయసులో మనుషుల్ని మోస్తోందా? పిల్లలు లేరా ఆవిడకి?" అన్నారు. ఎనిమిది నెలల్లో ఆవిడ నన్నడిగిన మొదటి ప్రశ్న అది. నాకూ మనసు చివుక్కుమంది. అంత వయసు రాణి గారి వీపు మీద ఎక్కి ఊరేగడం ఏం మర్యాద? వివరంగా రాయండి.

కాస్త కోపంగానే,
గడియారాల మేస్త్రి

తా.క. రాణి గారికి పళ్ళున్నాయా? తినడానికి మెత్తనిదేమైనా తెద్దామంటున్నారు అత్తగారు.

*

దయగల మేస్త్రి గారికి,

రాణికి ముగ్గురు పిల్లలు. ఇద్దర్ని అమ్మేశాం. మూడోవాడు ఇక్కడే బరువులు మోస్తున్నాడు. రాణి చేత పని మాన్పించి చూశాం. నాలుగు రోజులు మేత ముట్టలేదు. మళ్ళీ మనుషులు వీపెక్కాకే తిన్నది.

మీ కోపం తగ్గిందని తలుస్తూ,
మేనేజరు

తా.క. పళ్ళు ముప్పైనాలుగూ గట్టివే. ముళ్ళు కూడా నములుతుంది.

*

మేనేజరు గారికి,

'ఇద్దర్ని అమ్మేశాం' అన్న ముక్క పైకి చదివేశాక నాకు 'మేత' కంటపడింది. అప్పుడు వెలిగింది బుర్ర, రాణి ఒంటె అని. ఆ మాట చెప్పబోయేసరికి అత్తగారు మంచం దిగి, పెట్టె తెరిచి అల్లిక సూదులు తీశారు. మామగారు పోయాక వాటిని ముట్టలేదు. మర్నాడు ఉన్ని కోసం తనే బజారుకు వెళ్ళారు. రాణికి మఫ్లరు అల్లుతారట. ఇప్పుడు ఒంటె అంటే మళ్ళీ గోడవైపు తిరుగుతారేమోనని నా భయం. మీకు పుణ్యముంటుంది, ఆ మాట మీ ఉత్తరాల్లో రానివ్వకండి. రోజూ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని రాణి గురించి ఏదో ఒకటి కల్పించి చెబుతున్నాను.

మీ దయ మీద ఆధారపడి,
గడియారాల మేస్త్రి

తా.క. మెడ కొలత కావాలట.

*

మేస్త్రి గారికి,

అబద్ధమాడటం నాకు చేతకాదు. మీరు వద్దన్న మాట రాయను, కొలత మాత్రం నిజమే రాస్తున్నాను. మెడ పొడవు నాలుగడుగులు. మనిషి పొడగరి అని సర్దిచెప్పండి. ఇక్కడ తెల్లవారుజామున బాగా చలి, మఫ్లరు వృథా పోదు.

మీ పాపంలో భాగస్థుడు,
మేనేజరు

తా.క. కొలుస్తుంటే రాణి నా మీద ఉమ్మింది. ఇరవయ్యేళ్ళుగా నేనంటే ఇష్టమనుకున్నాను.

*

మేనేజరు గారికి,

క్షేమంగా ఇల్లు చేరాం. మా అమ్మాయి చెవుల్లోంచి ఇంకా ఇసుక రాలుతోంది. ఆ ఉదయం మీరు సిగ్గుపడి గుడారం వెనక్కి తప్పుకున్నాక జరిగింది మీకు తెలియాలి.

అత్తగారు తిన్నగా రాణి దగ్గరికి వెళ్ళి, తల వంచమని మెల్లగా తట్టి, మఫ్లరు చుట్టారు. ఆవిడ మొహంలో ఆశ్చర్యం మచ్చుకైనా లేదు.

"అత్తయ్యగారూ, ఇది ఒంటె," అన్నాను.

"మొదటి ఉత్తరంలోనే తెలిసింది అల్లుడుగారూ. ఎడారిలో మనుషుల్ని మోసేది ఇంకేముంటుంది?"

"మరి చెప్పలేదేం?"

ముడి సరిచేస్తూ అన్నారు: "చెబితే మీరు మళ్ళీ గుమ్మంలో నిలబడి, అన్నం తిన్నారా అని అడిగి వెళ్ళిపోయేవారు."

నిజమేనండీ. ఏం మాట్లాడాలో తెలియక ఎనిమిది నెలలు నేనా గదిలో అడుగు పెట్టలేదు. ఆవిడ బయటకు రావడం లేదని అందరికీ చెప్పుకున్నాను. నేను లోపలికి వెళ్ళడం లేదన్నది తట్టనే లేదు.

ఇప్పుడు సాయంత్రాలు ఆవిడే దుకాణానికి వస్తున్నారు. నేను పనిచేసుకుంటుంటే మామగారి సంగతులు చెబుతారు. ఆయన ఇంత నవ్వించే మనిషని నాకిన్నాళ్ళూ తెలియదు.

కృతజ్ఞతలతో,
గడియారాల మేస్త్రి

తా.క. రాణి మఫ్లరులో సగం నమిలేసిందని మీరు నొచ్చుకోకండి. "నచ్చలేదని అప్పటికప్పుడే తేల్చేసింది. మనుషులైతే మెచ్చుకుని బీరువాలో పడేస్తారు," అన్నారు అత్తగారు.