నీ పక్కన ఖాళీగా ఉన్న చోటు

సుగుణా,

బాగున్నావా అని అడగడం అలవాటు కాబట్టి అడుగుతున్నాను. నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. ఇక్కడ ఆళ్లగడ్డలో అంతా మామూలే. షాపు తెరుస్తున్నాను, కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుడుతున్నాను, మూస్తున్నాను. ఏడుపు మాత్రం రాలేదు. వస్తుందేమోనని మొదట్లో ఎదురుచూశాను... ఇప్పుడు అదీ మానేశాను.

వంట నేనే చేసుకుంటున్నాను, నవ్వకు. నీ దేవుడి బియ్యం డబ్బా పొయ్యి పక్కన అలాగే ఉంది. నువ్వు పోయిన కొద్దిరోజులకే, అన్నం వండబోతూ ఎందుకో ఒక పిడికెడు తీసి అందులో వేశాను. మరునాడూ వేశాను. భక్తితో కాదు, ఆ సంగతి నీకు తెలుసు. పెళ్లయినప్పటి నుంచీ పూటపూటా నువ్వు తీసి వేస్తుంటే చూసినవాణ్ణి, చేతికి ఆ పని వచ్చేసింది.

ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకుని, శిరివెళ్ల మీదుగా నంద్యాల బస్సెక్కి, మీ చర్చి గుమ్మం దగ్గరి డ్రమ్ములో పోసి వస్తున్నాను. ఎవరి సోనామసూరి బియ్యమో ఎవరి రేషన్ బియ్యమో, అన్నీ అందులో ఒకటే. నువ్వుండగా గేటు బయట స్కూటర్ మీదే కూర్చునేవాణ్ణి. ఇప్పుడు లోపలికి వెళ్లి చివరి చాప మీద కూర్చుంటున్నాను. పాట పాడను. తల వంచమంటే వంచుతాను. కళ్లు మూసుకుంటే ఏమీ కనబడదు... అంతే.

ఆరాధన అయ్యాక నీ దగ్గరికి, సమాధుల తోటకు వస్తాను. నీ ఎడమపక్క మీ నాయన. కుడిపక్క ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఆ చోటు నాకు కావాలి సుగుణా. ఈ ఎనిమిది నెలల్లో నాకు కావాలనిపించింది అదొక్కటే. మనకా పిల్లలు లేరు. రేపు నేను పోతే మా అన్న కొడుకులు వచ్చి మా ఊరు గడివేములకు తీసుకెళ్లి మా చేను గట్టున కాల్చేస్తారు. వాళ్ల తప్పేం లేదు, మా వాళ్ల పద్ధతి అది. కానీ నువ్వొకచోట, నేనొకచోట...

పాస్టరుగారిని అడిగాను. మంచివాడే పాపం. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఆ తోటలో చోటు అన్నాడు. ఈస్టర్‌కు ముందు నీళ్లలోకి దిగేవాళ్లలో నన్నూ చేర్చుకుంటానన్నాడు. నడుంలోతు నీళ్లలో నిలబెట్టి, ప్రభువును నమ్ముతున్నావా అని అడుగుతాడట. నమ్ముతున్నాను అనాలట. ఒక్క మాట. సాయంత్రానికల్లా మోటారు ఇచ్చేస్తానని రైతులతో రోజూ ఎన్ని అబద్ధాలాడతాను? ఇది మాత్రం నోట్లోంచి రావడం లేదు.

నిన్ను ఏడిపించేవాణ్ణి కదా. కరెంటు ఉందో లేదో టెస్టర్ పెడితే తెలుస్తుంది, మీ దేవుడికి ఎక్కడ పెట్టాలో చూపించు, అప్పుడు నమ్ముతానని. నువ్వు తలెత్తకుండా అన్నం కలుపుకుంటూనే అనేదానివి, “తెలిసినాంక చేస్తానంటాండావ్ నువ్వు. చేస్తాంటేనేప్పా తెలిసేది. నన్ను చేసుకున్యావే, ఏం తెల్సని చేసుకున్యావ్?” అని.

అయితే దిగేయమంటావా? అనుకోగానే నీదే ఇంకో మాట అడ్డం పడుతుంది. ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చుని, నీకు సంతోషమైతే బాప్తిస్మం తీసుకుంటానని అన్నాను. సంతోషపడతావనుకున్నాను. నువ్వు మొహం అటు తిప్పుకుని, “నా కోసరం దిగితే తడుస్తావ్, అంతే” అన్నావు. చేస్తేనే తెలుస్తుందన్నదీ నువ్వే, తడుస్తావంతే అన్నదీ నువ్వే. ఏ మాట వినమంటావు?

పోయిన నెల మీ చెల్లెలు రూతు వచ్చింది. నేను వంట చేస్తుంటే చూసి, అట్లా కాదని చేయి పట్టుకుని ఆపింది. నేను ఇన్నాళ్లూ బస్తాలోంచి నేరుగా తీసి డబ్బాలో వేస్తున్నాను. నువ్వు అలా వేసేదానివి కాదట. వండడానికి కొలిచి పెట్టుకున్న బియ్యంలోంచే తీసేదానివట. తీసినదాన్ని మళ్లీ బస్తాలోంచి పూడ్చకూడదట. మీ అమ్మ మీ ఇద్దరికీ అలాగే నేర్పిందట. “బస్తాలోంచి తీస్తే బస్తాకు తెలుస్తాది, మనకేం తెలుస్తాది” అని నువ్వే రూతుతో అన్నావట.

ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో తిన్నాం. ఆ పిడికెడు ఎవరి వంతులోంచి తగ్గేదని నేనెప్పుడూ చూడలేదు. నాకు వడ్డించాకే కదా నువ్వు కూర్చునేదానివి...

రూతు చెప్పినట్టే చేస్తున్నాను. ఒక్కడికి ఒక గ్లాసు బియ్యం. నా చేయి పెద్దది. పిడికెడు తీస్తే గ్లాసులో సగానికి కొంచెం పైన మిగులుతుంది. గుప్పిట కాస్త వదులుగా పట్టుకుందామా అని ఒకరోజు చూశాను, సిగ్గేసింది. తిన్నా కడుపు నిండదు. నువ్వు పోయాక ఏం తిన్నానో, ఎందుకు తిన్నానో తెలియకుండా తిన్నవాణ్ణి. ఇప్పుడు ఆకలి తెలుస్తోంది. అంతకు మించి ఏమీ తెలియడం లేదు.

మొన్న మధ్యాహ్నం ఒకటి జరిగింది. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

పొద్దున నుంచీ షాపులో ఊపిరాడని పని. ఇంటికొచ్చి గ్లాసు కొలిచాను, చేయి పెట్టాను. పిడికిలి పైకెత్తేసరికి నోట్లోంచి మాట వచ్చేసింది. ఇంకా ఎంత తీసుకుంటావు నా దగ్గర, అని. గట్టిగానే అన్నాను. పక్కింటివాళ్లు విన్నారేమో కూడా.

నీతో రోజూ మాట్లాడుతూనే ఉంటాను కాబట్టి, నీతోనే అన్నాననుకున్నాను. కాదు. నువ్వు నా దగ్గర ఏం తీసుకున్నావని? ఆ మాట నీతో అన్నది కాదు సుగుణా.

పిడికెడు డబ్బాలో వేసి, మిగిలింది కడిగి పొయ్యి మీద పెట్టాను. ఏడుపు అప్పుడూ రాలేదు. ఇది నమ్మకమేనా? లేని దేవుడితో ఎవరైనా కొట్లాటకు దిగుతారా? పాస్టరుగారిని అడిగితే సంతోషపడిపోయి చేతులు పట్టుకుంటాడేమోనని అడగలేదు.

వచ్చే ఆదివారం ఆయనకు ఒకటే చెబుతాను, ఈసారి దిగనని. చోటు కోసం దిగనని. అది ఇంకెవరికైనా ఇవ్వాల్సి వస్తే ఇచ్చేయమని కూడా చెబుతాను. ఇది రాయాలని లేదు, అయినా రాస్తున్నాను. తెలిసినాక చేస్తానంటున్నాడు మళ్లీ అని తిట్టకు. చేస్తూనే ఉన్నాను కదా, పూటపూటా, కొలతలోంచే. మొన్న పిడికిలి ఎత్తి మీ దేవుణ్ణి నేనొకటి అడిగాను. ఆయనకూ నాకూ అది తేలాలి. మధ్యలో నువ్వు వద్దు.

తేలిన రోజు నా అంతట నేను దిగుతాను. అప్పటికి నీ పక్కన వేరే ఎవరైనా పడుకుని ఉంటే, ఆ తోటలో ఎక్కడ పెట్టినా సరే. ఎక్కడున్నానో నువ్వే ఆయన్ని అడిగి తెలుసుకో.

నీ
మద్దిలేటి