సిగ్గు కాదని చెప్పాను

అమ్మమ్మా,

నీ సంవత్సరీకానికి రాలేకపోయాను. ఆ రోజే పాపను ఏడాదిన్నర టీకాకు నరసరావుపేట తీసుకెళ్లాం. నువ్వుంటే ముందు దాని సంగతే అడిగేదానివి, అందుకే రాస్తున్నాను.

టీకా వేశాక పిల్లల డాక్టరమ్మ ఒక కాగితం తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. పేరు పెట్టి పిలిస్తే చూస్తుందా, కావాల్సింది వేలు పెట్టి చూపిస్తుందా అని అడిగింది.

మా ఆయన నవ్వేశారు. "వాళ్లమ్మ పోలికండీ. చానా సిగ్గు. ఎవర్నీ చూడదు."

ఇంట్లో అందరూ అనే మాటే అది. అయినా నోరు తెరిచాను.

"సిగ్గు కాదండీ. సిగ్గంటే ఏందో నాకు తెలుసు. సిగ్గుపడే పిల్ల అమ్మ కొంగు చాటు నుంచైనా తొంగి చూస్తది. ఇది నా మొహం కూడా చూడదు. నీళ్లు కావాలంటే నా చెయ్యి పట్టుకుని బిందె దాకా లాక్కెళ్తది గానీ వేలు చూపించదు."

"బయటోళ్ల ముందు పిల్లకు వంక పెడతావేందే?" అన్నారాయన మెల్లగా.

"వంక కాదు బాబూ," అంది డాక్టరమ్మ. "ఆటిజం అవునో కాదో ఇంకా పరీక్షలు చేసి చెప్పాలి. ఏదైనా ఈ వయసులోనే తెలిస్తే పిల్లకు మేలు."

తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకుని మిగతావన్నీ నన్నే అడిగింది. తల దించకుండా అన్నిటికీ జవాబు చెప్పాను అమ్మమ్మా.

చివరికి మా ఆయన పాపను ఒళ్లోకి తీసుకుని నా వంక చూశారు.

"ఇంకేమన్నా ఉంటే అదీ చెప్పు," అన్నారు.